ఏడు కిలోల్లో ప్రయాణం: ట్రాలీ మేలా, బ్యాక్‌ప్యాక్ మేలా, డఫెల్ మేలా?

మన దేశంలో ఎకానమీ టికెట్ మీద విమానం ఎక్కితే క్యాబిన్‌లోకి ఒక్క సంచి, 7 కిలోలు. పొడవు, వెడల్పు, మందం మూడూ కలిపి 115 సెంటీమీటర్లు దాటకూడదు. 55, 35, 25 అని ఎయిర్‌లైన్లు రాసే కొలత కలిపితే వచ్చేది ఇదే. ఈ 7 కిలోల్లో సంచి బరువు కూడా ఉంటుంది. చాలామంది లెక్కలోకి తీసుకోని సంగతి ఇదే.

షాపులో మనం రంగు చూస్తాం, జిప్పు లాగి చూస్తాం, అరలు లెక్కపెడతాం. ఖాళీ సంచి ఎన్ని కిలోలని అడిగేవాళ్లు తక్కువ. అడిగి తీరాలి. మూడు కిలోల ట్రాలీ కొంటే మీ సామానుకి మిగిలేది నాలుగు కిలోలు. కిలో బరువున్న బ్యాక్‌ప్యాక్ కొంటే ఆరు. ఆ రెండు కిలోల తేడాలో రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు, ఒక పల్చటి తువ్వాలు పట్టేస్తాయి. నాలుగు రోజుల ప్రయాణంలో అది సగం సామాను. అందుకే సంచుల పోలిక కొలతతో కాకుండా తూకంతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఇండిగో లాంటి సంస్థలు దీనికి అదనంగా ల్యాప్‌టాప్ సంచి గానీ ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగ్ గానీ 3 కిలోల వరకు ఒప్పుకుంటాయి. ఆ వెసులుబాటు మీ టికెట్‌కి ఉందో లేదో ముందే చూసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

అసలు చేతి సంచి ఒక్కటే ఎవరికి సరిపోతుంది?

డబ్బు మిగులుతుందని ఈ పద్ధతికి రావద్దు. దేశంలోపల మామూలు టికెట్లలో 15 కిలోల చెక్-ఇన్ ఎలాగూ కలిపే ఉంటుంది. చెక్-ఇన్ లేకుండా అమ్మే టికెట్లు కూడా ఇప్పుడు వచ్చాయి. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 2024లో ‘ఎక్స్‌ప్రెస్ లైట్’ పేరుతో అలాంటి ఛార్జీ పెట్టింది. ముందుగా బుక్ చేసుకున్నవాళ్లకి క్యాబిన్‌లోనే మరో 3 కిలోలు ఇచ్చింది. అలాంటి టికెట్ తీసుకుంటే కొంత కలిసొస్తుంది. మిగతా టికెట్ల మీద మిగిలేది సమయం, నెమ్మది. శంషాబాద్‌లో దిగాక బెల్టు దగ్గర నిలబడకుండా నేరుగా పుష్పక్ బస్సు దగ్గరికి నడిచి వెళ్లొచ్చు. విమానం రద్దయినా, వేరే విమానానికి మార్చినా మీ బట్టలు మీ దగ్గరే ఉంటాయి. దిగిన ఊళ్లో మూడో అంతస్తులో గది, లిఫ్ట్ లేదు అన్నా గుండె జారదు.

పెళ్లికి వెళ్తున్నారా? చెక్-ఇన్ వేయండి. పట్టుచీరలు, నగలు, పెట్టాల్సిన బట్టలు 7 కిలోల్లో కుదరవు, కుదిరించాలని చూస్తే ఆ నలుగురిలో మీకే ఇబ్బంది. అయితే నగలు మాత్రం ఎప్పుడూ చేతి సంచిలోనే. ఏడాది లోపు బిడ్డతో వెళ్లేవాళ్లకీ, అమెరికాలో పిల్లల దగ్గరికి పొడులూ పచ్చళ్లూ మోసుకెళ్లే తల్లిదండ్రులకీ ఈ పద్ధతి పనికిరాదు. ఆ పెట్టెల నిండా ఉండేది ప్రేమ, దాన్ని తగ్గించమని నేను చెప్పను. మందులు, మందుల చీటీ, కళ్లజోడు, ఒక జత బట్టలు మాత్రం వాళ్లు కూడా చేతి సంచిలో పెట్టుకోవాలి.

మిగతా అందరికీ, అంటే రెండు రోజుల ఆఫీసు పనికీ, నాలుగైదు రోజుల విహారానికీ, తీర్థయాత్రకీ చేతి సంచి హాయిగా సరిపోతుంది.

ట్రాలీ

క్యాబిన్ సైజు ట్రాలీలు ఖాళీగా రెండున్నర నుంచి మూడున్నర కిలోల దాకా తూగుతాయి. గట్టి పాలీకార్బనేట్ పెట్టె అయినా, గుడ్డ పెట్టె అయినా పెద్ద తేడా ఉండదు. ఎందుకంటే బరువంతా చక్రాలు, లాగే కడ్డీలు, చట్రంలోనే ఉంటుంది. ఆ కడ్డీలు లోపలి నుంచి పోతాయి కాబట్టి పెట్టె అడుగున గట్లు గట్లుగా ఉండి కొంత చోటు కూడా తినేస్తాయి.

కొనేటప్పుడు కొలత విషయంలో ఒక మాట. 20 అంగుళాలు అని రాసి ఉంటే కొన్నిసార్లు అది పెట్టె ఒంటి కొలత, చక్రాలు విడిగా. ఎయిర్‌లైన్ కొలిచేది నేల నుంచి పై పిడి దాకా, చక్రాలతో సహా. టేపుతో మీరే కొలవండి, 55 దాటితే ఎంత నచ్చినా వదిలేయండి. 22 అంగుళాలంటే దాదాపు 56 సెంటీమీటర్లు, మన దేశపు లెక్కకి అది ఎక్కువ.

నాలుగు చక్రాలా, రెండు చక్రాలా అన్నది చాలామందిని వేధించే ప్రశ్న. నాలుగు చక్రాలవి విమానాశ్రయం టైల్స్ మీద వేలితో తోస్తే పోతాయి, పక్కనే నడుస్తాయి. వాలు నేల మీద, బస్సులో చెయ్యి వదిలితే మాత్రం వాటంతట అవే పోతాయి. రెండు చక్రాలవి వంచి లాగాలి, కానీ గతుకుల రోడ్డు మీద నిలబడేవి అవే. చక్రాలు పెట్టె లోపలికి దిగి ఉంటాయి కాబట్టి విరగడం కూడా తక్కువ. విమానాశ్రయం, ట్యాక్సీ, లిఫ్ట్ ఉన్న హోటల్ మధ్యే తిరిగేవాళ్లకి నాలుగు. ఇక బస్‌స్టాండూ రైల్వే స్టేషనూ కూడా తగిలే ప్రయాణాలకి రెండు.

నడుం నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్లకి ట్రాలీ తప్ప వేరే ఆలోచన వద్దు. బరువు లెక్క వాళ్లు వేరే చోట తగ్గించుకోవాలి. ఇస్త్రీ చొక్కాలు, కోటు నలగకుండా చేరాల్సిన ఆఫీసు ప్రయాణానికి కూడా ట్రాలీయే మేలు. ఒక్క జాగ్రత్త: క్యాబిన్‌లో పైఅర అందని వయసువాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు దాన్ని ఎత్తి పెట్టడానికి సాయం అడగడానికి మొహమాటపడొద్దు. సిబ్బంది గానీ పక్క సీటువాళ్లు గానీ అందుకుంటారు.

బ్యాక్‌ప్యాక్

ఇందులో మూడు రకాలున్నాయి, షాపువాళ్లు మూడింటినీ ఒకే వరసలో పెడతారు. మొదటిది కొండలెక్కేవాళ్ల సంచి. పైనుంచి నింపాలి, పైనుంచే తీయాలి. అడుగున ఉన్న బనీను కోసం మొత్తం ఖాళీ చేయాలి. 50 లీటర్లవైతే పొడవు కూడా 55 సెంటీమీటర్లు దాటిపోతుంది. ప్రయాణానికి అది వద్దు. రెండోది ఆఫీసు ల్యాప్‌టాప్ సంచి, 25 నుంచి 30 లీటర్లు. రెండు రోజులకి సరిపోతుంది, ఇప్పటికే మీ ఇంట్లో ఉండొచ్చు కూడా. మూడోది ప్రయాణం కోసమే చేసినది. చుట్టూ జిప్పు తీస్తే పెట్టెలా పూర్తిగా తెరుచుకుంటుంది, 35 నుంచి 40 లీటర్లు, ఖాళీ బరువు కిలో నుంచి కిలోన్నర. నేను చాలామందికి చెప్పేది ఈ మూడో రకం.

నడుముకి కట్టుకునే పట్టీ ఉంటే బరువు భుజాల నుంచి తుంటి మీదికి దిగుతుంది. ఏడు కిలోలకి అది తప్పనిసరి కాదు. పావుగంటకి మించి నడవాల్సిన ప్రయాణాల్లో మాత్రం దాని విలువ తెలుస్తుంది. ఛాతీ దగ్గర రెండు భుజాల పట్టీలనూ కలిపే చిన్న పట్టీ ఉంటే చాలావరకు సరిపోతుంది. మెత్త పట్టీలు మరీ మందంగా ఉన్న సంచులు చూడ్డానికి దర్జాగా ఉంటాయి. ఆ మెత్త కూడా బరువే.

దీని లోపాలు దాచకుండా చెప్పాలి. మన ఎండల్లో వీపంతా చెమటతో తడిసిపోతుంది. వెనక వలలాంటి గుడ్డ ఉన్నా కొంతే మేలు. చొక్కాలు నలుగుతాయి. రద్దీ బస్సులో వెనక జిప్పు మీ కంటికి కనపడదు. అందుకని జిప్పు వీపు వైపు ఉన్నది గానీ, రెండు జిప్పుల్ని కలిపి చిన్న తాళం వేసుకునే వీలున్నది గానీ తీసుకోండి. వానకాలం ప్రయాణాలుంటే పైన వేసే రెయిన్ కవర్ అడగండి. చాలా సంచులకి అడుగు అరలోనే మడిచి ఇస్తారు.

డఫెల్

డఫెల్ అంటే జిమ్‌కి తీసుకెళ్లే సంచిలాంటి పొడవాటి మెత్తటి సంచి. అన్నింటిలో తేలిక ఇదే. పల్చటి నైలాన్‌ది అర కిలో లోపే దొరుకుతుంది. చట్రం లేదు కాబట్టి ఎలా నొక్కితే అలా ఒదుగుతుంది. కానీ ఒక భుజానికి తగిలించుకుని పది నిమిషాలు నడిస్తే చాలు, భుజం లాగేస్తుంది. లోపల అన్నీ కలిసిపోతాయి. కారులో వెళ్లి కారులో వచ్చే ప్రయాణాలకి బాగుంటుంది. ముఖ్య సంచిగా కంటే రెండో సంచిగానే నాకు ఇది నచ్చుతుంది. మడిస్తే అరచేతిలో పట్టే నైలాన్ డఫెల్ ఒకటి అడుగున వేసుకుంటే తిరిగొచ్చేటప్పుడు కొన్నవన్నీ అందులోకి వెళ్తాయి.

చిన్న విమానాల సంగతి కూడా సంచి ఎంచుకునేటప్పుడు గుర్తుండాలి. హైదరాబాద్ నుంచి తిరుపతి లాంటి దగ్గరి ఊళ్లకి నడిపే ఏటీఆర్ 72 విమానాల్లో పైఅరలు చిన్నవి. కొలత సరిగ్గా ఉన్న గట్టి ట్రాలీ కూడా వాటిలో పట్టకపోవచ్చు. అప్పుడు మెట్ల దగ్గరే తీసుకుని కింద వేసేస్తారు. మెత్తటి సంచి అయితే నొక్కి సర్దేయొచ్చు. ఊరికే తిరుపతి వెళ్లొచ్చేవాళ్లకి బ్యాక్‌ప్యాక్ వైపు మొగ్గడానికి నాకిది ఒక కారణం. అలిపిరి నుంచి 3,550 మెట్లు నడిచి ఎక్కేవాళ్లయితే సంచి గురించి బెంగ అక్కర్లేదు. కింద ఇచ్చేస్తే టీటీడీ వాళ్లే ఉచితంగా కొండమీదికి చేరుస్తారు. దర్శనానికి మగవాళ్లకి పంచె, కండువా, ఆడవాళ్లకి చీర గానీ లంగా ఓణీ గానీ చున్నీతో చుడీదార్ గానీ ఎలాగూ కావాలి కాబట్టి వాటినే ప్రయాణపు బట్టల్లో భాగం చేసుకోండి. వచ్చేటప్పటి లెక్క కూడా ఉంది. చిన్న లడ్డూ ఒక్కోటి సుమారు 175 గ్రాములు. నాలుగు తెస్తే దాదాపు ముప్పావు కిలో. ఇరుగుపొరుగుకి కూడా తేవాలనుకుంటే వెళ్లేటప్పుడే సంచి ఐదు కిలోలకి మించకుండా చూసుకోవాలి.

కాశీలో తొమ్మిది రాత్రులు: ఒక లెక్క

చేతి సంచి పద్ధతికి అసలైన పరీక్ష ఏదంటే నేను కాశీ అంటాను. తొమ్మిది నెలల గర్భవాసానికి గుర్తుగా తొమ్మిది రాత్రులు అక్కడ నిద్ర చేయాలని మనవాళ్ల ఆచారం. తొమ్మిది రాత్రులంటే పెద్ద పెట్టె కావాలనిపిస్తుంది. వద్దు. ఎందుకంటే బాబత్‌పూర్ విమానాశ్రయం నుంచి పాతిక కిలోమీటర్లు కారులో వచ్చాక, గోదౌలియా దగ్గరో సోనార్‌పురా దగ్గరో కారు ఆగిపోతుంది. అక్కడి నుంచి సందులే. పాండే హవేలీలో ఆంధ్ర ఆశ్రమానికి వెళ్లినా, ఘాట్ల దగ్గర ఇంకో సత్రానికి వెళ్లినా రాతి పలకల మీద, ఆవుల మధ్య, మోటారు సైకిళ్లకి దారిస్తూ నడవాలి. రాళ్ల సందుల్లో ట్రాలీ చక్రం ఇరుక్కుంటుంది, ఘాట్ మెట్ల మీద దాన్ని చేత్తో మోయాల్సిందే. ఇక్కడ బ్యాక్‌ప్యాక్‌కి పోటీ లేదు.

డిసెంబర్, జనవరిల్లో వెళ్లే ఒక మగమనిషికి లెక్క వేద్దాం. ఆ రోజుల్లో తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకి పడిపోతుంది. స్వెటరు, బూట్లు, ఒక ప్యాంటు, శాలువా ఒంటి మీదే ఉంటాయి, తూకంలోకి రావు. సంచి 1,200 గ్రాములు. చొక్కాలు మూడు, 750. ఇంకో ప్యాంటు 400. స్నానానికీ పూజకీ రెండు పంచెలు 500. పల్చటి తువ్వాళ్లు రెండు 300. లోదుస్తులు నాలుగు జతలు 480. చలికి లోపల వేసుకునే థర్మల్ జత 350. రాత్రికి లుంగీ 250. రబ్బరు చెప్పులు 350. సబ్బు, పళ్లపొడి, గడ్డం సామాను అర కిలో. ఛార్జరు, పవర్ బ్యాంకు ఇంకో అర కిలో. మందులు 200, ఖాళీ నీళ్ల సీసా 150, చిల్లర సామాను 300. మొత్తం 6,230 గ్రాములు. ఇదే సామాను 2,900 గ్రాముల ట్రాలీలో పెడితే 7,930. దాదాపు కిలో ఎక్కువ, అంటే కౌంటర్ దగ్గర పెట్టె తెరిచి థర్మల్ పైన వేసుకోవడం, లేదా చెక్-ఇన్‌కి ఇచ్చేయడం.

తొమ్మిది రోజులకి మూడు చొక్కాలేనా అంటే, ఉతుక్కోవాలి. రెండు రోజులకోసారి బకెట్లో ముంచి తీస్తే చాలు. ఇక్కడే గుడ్డ ఎంపిక ముఖ్యం. మే నెలలో కాశీలో నలభై డిగ్రీలు దాటుతుంది, నూలు చొక్కా గంటలో ఆరిపోతుంది. అప్పుడు రెండు జతలున్నా నడుస్తుంది. జనవరి పొగమంచులో అదే నూలు చొక్కా మర్నాటికి కూడా చెమ్మగానే ఉంటుంది. అందుకని చలికాలంలో టెర్రీకాటన్ లాంటి కలగలుపు గుడ్డలు, పండగపూట ఒక నూలు చొక్కా. గంగాస్నానం చేసిన తడి పంచెకి గట్టి ప్లాస్టిక్ సంచి ఒకటి ఉంచుకోండి. తిరుగు ప్రయాణం రోజు పొద్దున స్నానం చేస్తే ఆ తడి బట్టలు ఆరవు, వాటి బరువు రెట్టింపు. ఆ రోజుకి పంచె బదులు పల్చటి తువ్వాలు కట్టుకుని స్నానం చేయడం మంచిది.

విశ్వనాథుడి దర్శనానికి సంచులు, ఫోన్లు లోపలికి రానివ్వరు. గదిలో వదిలేసి వెళ్లడమే తేలిక, లేకపోతే బయట లాకర్లున్నాయి.

వచ్చేటప్పుడు మాత్రం లెక్క మారుతుంది. గంగ చెంబులు, కాశీ దారాలు, ఇత్తడి అన్నపూర్ణ, ఒకటో రెండో బనారస్ చీరలు. వచ్చేటప్పుడు చెక్-ఇన్ వేయడంలో తప్పేమీ లేదు, 15 కిలోలు టికెట్‌లోనే ఉన్నాయి. వెళ్లేటప్పుడు భుజాన సంచి, వచ్చేటప్పుడు ఆ బ్యాక్‌ప్యాక్ కింద వేసి చేతిలో తేలిక డఫెల్. గంగాజలం ద్రవమే కాబట్టి చెంబులు చెక్-ఇన్‌లోకే వెళ్తాయని ముందే అనుకుని, బట్టల మధ్య చుట్టి సర్దుకోండి.

కర్పూరం, అగ్గిపెట్టె ఇంటి నుంచి తీసుకెళ్లకండి. త్వరగా అంటుకునేవి కాబట్టి వాటిని విమానంలోకి రానివ్వరు. కాశీలో అడుగుకో పూజ సామాన్ల కొట్టు ఉంది.

ఆడవాళ్ల బట్టల లెక్క

చీర మానేసి చుడీదార్లు వేసుకోమనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. నాకు అది నచ్చదు. చీర కట్టుకునే అలవాటున్నవాళ్లు చీరతోనే తేలిగ్గా ప్రయాణం చేయొచ్చు. చుడీదార్ సెట్టు చున్నీతో కలిపి అర కిలో పైనే ఉంటుంది, మామూలు నూలు చీర కూడా సుమారుగా అంతే. అసలు బరువు తెలియకుండా పెరిగేది లోపావడాల దగ్గర. ఒక్కోటి రెండువందల గ్రాముల పైమాటే. ప్రతి చీరకీ సరిపోయే రంగు లోపావడా పెట్టుకుంటే కిలో అయిపోతుంది. రెండు మూడు చీరలకి సరిపోయేలా ఒకే రంగు లోపావడాలు రెండు, వాటికి తగ్గ చీరలు ఎంచుకుంటే ఆ కిలో మిగులుతుంది.

చీరల్లో ఏది? జార్జెట్, షిఫాన్ తేలిక, నలగవు, గంటల్లో ఆరతాయి, కానీ ఎండలో ఒంటికి అంటుకుంటాయి. మంగళగిరి నూలు ఒంటికి హాయి, గంజి పోతే నలుగుతుంది, ఆరడానికి చోటు కావాలి. పట్టు కావాలంటే కంచిపట్టు వద్దు, కిలోకి దగ్గరగా ఉండేవి ఉన్నాయి. ఉప్పాడ జాందానీ పేరు పడిందే తేలికకి. గుడికీ ఫంక్షన్‌కీ రెండింటికీ పనికొస్తుంది, మడిచి పల్చటి గుడ్డలో చుడితే సంచిలో పెద్ద చోటు కూడా తీసుకోదు. ఐదు రోజుల ప్రయాణానికి ఒక ఉప్పాడ, రెండు జార్జెట్, ఒంటి మీద ఒక నూలు చీర, రాత్రికి పల్చటి నైటీ అంటే ఏ సంచిలోనైనా హాయిగా పడతాయి.

చలి ఊళ్లకి వెళ్లేటప్పుడు ఒక్క మందపాటి కోటు మోయడం కంటే లోపల థర్మల్, మధ్యలో ఫ్లీస్, పైన గాలి ఆపే పల్చటి జాకెట్ ఇలా పొరలు పొరలుగా వేసుకోవడం మేలు. ఎండెక్కితే ఒకటి తీసేయొచ్చు. మెరీనో ఉన్ని టీషర్టులు వాసన పట్టవని విదేశీ ప్రయాణికులు మెచ్చుకుంటారు, నిజంగానే బాగుంటాయి. మన ఎండలకీ మన ధరలకీ వాటి కోసం వెతుక్కోవాల్సిన పనిలేదు.

మడతా, చుట్టా, వ్యాక్యూమ్ కవరా?

టీషర్టులు, లుంగీలు, లోదుస్తులు చుట్టండి. ఇస్త్రీ చొక్కాలు, చీరలు మడవండి. చిన్న గుడ్డ సంచులు అంటే ప్యాకింగ్ క్యూబ్‌లు వాడితే సెక్యూరిటీ దగ్గర సంచి తెరిచినా లోపలివి చెదరవు. పల్చటివి రెండు చాలు. చీరల షాపు ఇచ్చిన గుడ్డ సంచులున్నా అవే పని చేస్తాయి. గాలి తీసేసే వ్యాక్యూమ్ కవర్లు మాత్రం కొనకండి. అవి చోటు తగ్గిస్తాయి, బరువు తగ్గించవు. మన దేశంలో చోటు నిండకముందే 7 కిలోలు నిండిపోతాయి. పైగా గదిలో మళ్లీ గాలి తీయడం ఒక పని.

ద్రవాలు, తిండి

మన దేశం నుంచి బయల్దేరే అంతర్జాతీయ ప్రయాణాల్లో ఏ ద్రవమైనా 100 మిల్లీలీటర్ల సీసాలోనే ఉండాలి, అన్నీ కలిపి లీటరు పట్టే పారదర్శక సంచిలో పెట్టాలి. వాళ్లు చూసేది సీసా సైజు. 200 మిల్లీలీటర్ల ట్యూబులో అడుగున కొంచెమే మిగిలి ఉన్నా పారేయిస్తారు. పెరుగు, నెయ్యి, పేస్టు, జెల్ అన్నీ ద్రవాల కిందే లెక్క. దీనికి మన కిరాణా కొట్లోనే సులువైన దారి ఉంది. షాంపూ సాషేలు. తల్లో రాసుకునే నూనె కూడా సాషేల్లో దొరుకుతుంది. ప్రయాణ సైజు సీసాలని ఎక్కువ పోసి కొనక్కర్లేదు. సబ్బు బిళ్ల ద్రవం కాదు, పళ్లపొడి కూడా కాదు.

ఆవకాయ, కారప్పొడి చేతి సంచిలో ఆపేస్తారు. వాటికి చెక్-ఇన్ ఒక్కటే దారి. కొబ్బరికాయని కూడా క్యాబిన్‌లోకి మామూలుగా రానివ్వరు. శబరిమల సీజన్‌లో ఇరుముడి మోసే స్వాములకి పరిమిత కాలం మినహాయింపు ఇచ్చిన సంవత్సరాలున్నాయి. ఎండు కొబ్బరి సంగతి ఇంకా గట్టిది, నూనె ఎక్కువ, త్వరగా అంటుకుంటుందని చెక్-ఇన్‌లో కూడా వద్దంటారు. జంతికలు, సున్నుండలు, పులిహోర, చపాతీలు హాయిగా తీసుకెళ్లొచ్చు.

విదేశాలకైతే లెక్క వేరు

సింగపూర్, బ్యాంకాక్, దుబాయ్ వైపు వెళ్లినా 7 కిలోలే. ఎయిర్ ఏషియా రెండు చిన్న సంచులు ఒప్పుకుంటుంది, రెండూ కలిపి 7. అక్కడ తూకం గట్టిగా చూస్తారు, మన దేశంలో పాటించిన పద్ధతే పాటించండి.

యూరప్ లోపల చౌక విమానాల్లో కథ తిరగబడుతుంది. రయన్‌ఎయిర్, విజ్ ఎయిర్ ఉచితంగా ఇచ్చేది సీటు కింద పట్టే 40, 30, 20 సెంటీమీటర్ల సంచి. అంటే 24 లీటర్లు. ఈజీజెట్ 45, 36, 20 దాకా ఇస్తుంది. ఇక్కడ నిండిపోయేది చోటు. మన 40 లీటర్ల సంచి అక్కడ పట్టదు, దానికి డబ్బు కట్టాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాక్‌ప్యాక్ పనికొచ్చేది ఇలాంటి ప్రయాణాలకే. పట్టీలు బిగించి నొక్కే క్యూబ్‌లు కూడా ఇక్కడ ఉపయోగపడతాయి.

అమెరికాలో చదువుకునే మన పిల్లలు దేశంలోపల తిరిగేటప్పుడు బరువు ఎవరూ పెద్దగా తూచరు, టికెట్ రకం చూస్తారు. యునైటెడ్‌లో బేసిక్ ఎకానమీ తీసుకుంటే దేశంలోపల పైఅర సంచి ఉండదు, సీటు కింద సంచి ఒక్కటే. రెండు సంచులు ఉచితంగా ఇస్తూ వచ్చిన సౌత్‌వెస్ట్ కూడా 2025 మే 28 నుంచి బుక్ చేసిన టికెట్లకి చెక్-ఇన్ డబ్బు తీసుకోవడం మొదలుపెట్టింది. అక్కడి సెలవు ప్రయాణాలకి సీటు కింద పట్టే సంచి ఒకటి విడిగా కొనుక్కోవడం లాభమే.

కొనేముందు, బయల్దేరేముందు

చేతిలో పట్టుకుని తూచే డిజిటల్ కాటా ఆన్‌లైన్‌లో కొన్ని వందలకి దొరుకుతుంది, ఈ మొత్తం వ్యవహారంలో నేను మొదట కొనమనేది అదే. లేకపోతే ఇంట్లో మనుషుల కాటా ఉన్నా చాలు, సంచితో ఒకసారి, సంచి లేకుండా ఒకసారి ఎక్కి తేడా తీయండి. ఆరున్నర కిలోల దగ్గర ఆపండి, ఎయిర్‌పోర్ట్ కాటాకీ మీ కాటాకీ కొంచెం తేడా ఉండొచ్చు. కొత్త సంచి కొనాలనుకుంటే రెండు రోజుల బట్టలు ఒక కవర్లో పెట్టుకుని షాపుకి వెళ్లండి. సంచిలో వేసి, భుజాన వేసుకుని షాపంతా నాలుగు సార్లు నడవండి. ఖాళీ సంచి భుజాన బాగానే ఉంటుంది, దాన్ని చూసి ఏమీ తెలియదు.

ఇక ప్రయాణం రోజు. పవర్ బ్యాంకు ఎప్పుడూ చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్‌లో వేయకూడదు. 100 వాట్-అవర్ల లోపు వాటికి ప్రత్యేకంగా అనుమతి అక్కర్లేదు, మామూలు 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74 దగ్గర ఉంటుంది కాబట్టి బెంగలేదు. అక్టోబర్ 2025 నుంచి ఎమిరేట్స్‌లో విమానంలో దాన్ని వాడనివ్వరు, తీసుకెళ్లనిస్తారు. విమానం నిండిపోయి గేటు దగ్గర మీ సంచి కింద వేస్తామని అడిగితే పవర్ బ్యాంకు, మందులు, ఇంటి తాళాలు, ఆధార్ లేదా పాస్‌పోర్ట్ బయటికి తీయాలి. వరసలో నిలబడి అవన్నీ వెతుక్కోకుండా ముందే ఒక చిన్న జిప్పు సంచిలో వేసి పైన పెట్టుకోండి, చెయ్యి పెడితే ఒక్కసారికే రావాలి.